గోనెసంచి కింద గురుత్వాకర్షణ

బడి వాళ్ళు పిల్లలకిచ్చే సైన్స్ ప్రాజెక్టును మించిన వరం ఈ కాలపు తల్లిదండ్రులకు ఇంకొకటి లేదు!

ఆ మూతి విరుపు కాసేపు ఆపండి. మీరేమనబోతున్నారో తెలుసు. ప్రాజెక్టు ఇచ్చేది పిల్లకి, చేసేది తండ్రి, ఇల్లంతా రాలిన థర్మోకోల్ పొడి ఊడ్చేది తల్లి, చివరికి మార్కులు కొట్టేసేది మళ్ళీ ఆ పిల్లే అంటారు. ఆదివారం పూట జిగురు సీసా కోసం ఊరంతా తిరిగామంటారు. నిజమే, ఎవరు కాదన్నారు? వరమన్నాక ఆ మాత్రం తపస్సు ఉండదా?

ఫరీదాబాద్‌లో త్యాగరాజుగారని ఒక ఫ్యాక్టరీ ఇంజనీరున్నారు. ఆయనకీ భార్యకీ చాలాకాలంగా మాటల్లేవు. కొడుకు కోసం అగ్నిపర్వతం చేస్తుండగా లావా పొంగాల్సిన వేళకి వంటసోడా కనబడలేదు. "వంటసోడా ఎక్కడుంది?" అని అడగక తప్పింది కాదు. ఆవిడ చెప్పక తప్పింది కాదు. ఇప్పుడు ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటున్నారు. సంసారం గాడిన పడింది! లక్ష్మీ నగర్‌లో బసవపున్నయ్యగారు మేనకోడలికి జీర్ణకోశం బొమ్మ గీసిపెడుతూ, తను ఇన్నాళ్ళూ గుండెనొప్పి అనుకుని భయపడుతున్నది వట్టి గ్యాసని కనిపెట్టి వీలునామా చింపేశారు. ప్రాజెక్టు లేకపోతే ఇవన్నీ జరిగేవా?

ఇవన్నీ చిల్లర వరాలు. అసలు వరం ఢిల్లీ వసంత్ కుంజ్‌లో కురిసింది. ఎన్ని అర్జీలు పెట్టినా ఎక్కని నీళ్ళు, ఒక ఎనిమిదో తరగతి పిల్ల ప్రాజెక్టు పుణ్యమా అని మూడో అంతస్తుకి ఎక్కాయి. ఆ ప్రాజెక్టేదో ఇంకుడు గుంటో వాన నీళ్ళో అనుకునేరు. కాదు. గిరగిర తిరిగే అంతరిక్ష కేంద్రం!

ఆ మూడో అంతస్తు జనార్దనరావుది. బాపట్ల మనిషి. గుంటూరులో బియస్సీ ఫిజిక్సు ఫస్టు క్లాసులో ప్యాసై, ఢిల్లీ వచ్చి ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరయ్యాడు. అప్పట్నుంచీ ఆయనకు ఫిజిక్సుతో పని పడలేదు. ఒక ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి కదలడానికి ఎంత బలం కావాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు కదా!

ఆయన భార్య కృష్ణకుమారి. బెజవాడలో పుట్టి, కాలవ ఒడ్డున పెరిగిన మనిషి. ఆవిడకి వంటింటి కుళాయి ఉందన్న మాటేగానీ అందులోంచి వచ్చేది గాలి. తెల్లవారుజామున కాసేపు నీళ్ళు వదిలే వేళకి కుళాయి తిప్పితే లోపల ఎవరో ముసలాయన దగ్గుతున్నట్టు శబ్దం వస్తుంది. అంతే. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు తొలిచిన నీళ్ళతో నేల, స్నానం చేసిన నీళ్ళు మరుగుదొడ్డికి. అంతరిక్షంలో వ్యోమగాములు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని స్నానమైందనుకుంటారట. అందుకు వాళ్ళకి ఏళ్ళ తరబడి శిక్షణ ఇస్తారట! వసంత్ కుంజ్ ఇల్లాళ్ళని ఒకసారి చూసి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

మరి నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి? నీళ్ళు కిందికే పారతాయని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. చిన్నప్పటి చదువులు ఢిల్లీలో పనికిరావు. ఢిల్లీలో నీళ్ళు మోటారు వైపు పారతాయి.

ఆ మోటారు మెట్ల కింద ఉంది. దాని మీద ఒక గోనెసంచి కప్పి ఉంది. ఆ సంచీ కిందినుంచి ఒక పైపు గ్రౌండ్ ఫ్లోరులోని చెన్నకేశవులు ఇంట్లోకి పోతుంది. వీధి పైపులో నీళ్ళు రాగానే మోటారు గుర్రుమంటుంది. వాటాకొచ్చిన నీళ్ళూ, పై వాళ్ళ వాటా నీళ్ళూ కలిసి ఆ ఇంటి ట్యాంకులోకి దూకుతాయి. మధ్య రెండు అంతస్తుల్లో ఒక ఇంటికి తాళం, ఇంకో ఇంటాయన ఎప్పుడూ టూర్లలోనే ఉంటాడు. కాబట్టి దాహమంతా జనార్దనరావుదే.

ఇలాంటి మోటారు పెట్టడం నేరమని పెట్టినవాళ్ళకి తెలుసు, పెట్టనివాళ్ళకి తెలుసు. మరి జనార్దనరావు అడగొచ్చు కదా? ఎలా అడుగుతాడండీ! చెన్నకేశవులు వేరే భాషవాడైతే హాయిగా గల్లా పట్టుకునేవాడు. ఆయన మనవాడు. కర్నూలు మనిషి. ఆ బ్లాకు మొత్తానికి ఉన్నవి రెండే తెలుగు కుటుంబాలు. పైగా చెన్నకేశవులు చాలా మంచివాడు. వచ్చిన చిక్కంతా అక్కడే. జనార్దనరావు కూతురు స్నిగ్ధకి జ్వరమొస్తే తన మారుతీ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఊరినుంచి ఏ పచ్చడి వచ్చినా సగం పైకి పంపుతాడు. అలాంటి మనిషిని పట్టుకుని నువ్వు మా నీళ్ళు లాగేస్తున్నావని ఏ నోటితో అంటారు?

చెన్నకేశవులు భార్య అన్నపూర్ణేశ్వరి ఇంకా మంచిది. కృష్ణకుమారి ఎప్పుడు మెట్ల దగ్గర కనబడినా చెయ్యి పట్టుకుని మరీ అనేది: "నీళ్ళు రాకుంటే మొగమాటం పడొద్దు వదినా. ఒక బిందె తీస్కపోండి. నీళ్ళదేముండాది, మనం మనం!"

కృష్ణకుమారి బిందె పట్టుకెళ్ళేది. నింపుకునేది. "థాంక్స్ వదినా" అనేది. తర్వాత మూడంతస్తులు ఆ బిందె మోసుకుంటూ ఎక్కేది. బిందె బరువు ఆవిడకి లెక్కలేదు. తన కుళాయిలో రావాల్సిన నీళ్ళని తనకే దానమిస్తుంటే పుచ్చుకుని, పైగా థాంక్స్ చెప్పి రావాలి. ఆ మాటే ఆవిడకి రోజూ గొంతులో అడ్డం పడేది. రెండేళ్ళుగా ఇదే వరస. ఆ ఒక్క మాట అనక్కర్లేని రోజు కోసం ఆవిడ మొక్కని దేవుడు లేడు.

దేవుడు ప్రాజెక్టు రూపంలో వచ్చాడు.

వేసవి సెలవులకి ముందు బళ్ళో సైన్స్ ఎగ్జిబిషన్ అన్నారు. స్నిగ్ధకి పడిన అంశం, అంతరిక్షంలో నివాసం. స్నిగ్ధకి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. "పాపా, వర్కింగ్ మోడల్ చాహియే. థర్మోకోల్ వాలా నహీ చలేగా" అంది. థర్మోకోల్‌తో సరిపెడితే ఊరుకోనని హెచ్చరిక!

జనార్దనరావులో నిద్రపోతున్న బియస్సీ ఉలిక్కిపడి లేచింది. ఆయన భోజనాల బల్ల దగ్గర ఉపన్యాసం మొదలెట్టాడు. అంతరిక్షంలో బరువుండదు. నెలల తరబడి బరువు లేకుండా తేలుతుంటే కండలు కరిగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి. దీనికి విరుగుడేమిటి? చక్రం లాంటి పెద్ద కేంద్రం కట్టి, గుండ్రంగా తిప్పాలి. తిరుగుతుంటే లోపలున్నవాళ్ళు బయటి గోడకి అదుముకుంటారు. ఆ గోడే వాళ్ళకి నేల! అక్కడే నడుస్తారు, అక్కడే పడుకుంటారు, గ్లాసులో నీళ్ళు గ్లాసులోనే ఉంటాయి. తిరగడం ఆగిందా, మళ్ళీ అందరూ గాల్లోకే.

"అంటే ఏది కిందో తిప్పేవాడు చెబుతాడన్నమాట" అంది కృష్ణకుమారి, పప్పు వడ్డిస్తూ.

"కరెక్ట్!" అన్నాడు జనార్దనరావు. ఆ మాటలో ఆవిడ పెట్టిన ఉప్పూ కారం ఆయన నాలిక్కి తెలియలేదు.

ఒక పాత సైకిల్ రిమ్ము తెచ్చాడు. దాన్ని పళ్ళెంలా పడుకోబెట్టి, చుట్టూ కెమెరా ఫిల్ము డబ్బాల్ని తీగలతో ఉయ్యాలల్లా వేలాడదీశాడు. ఒక్కో డబ్బాలో రంగునీళ్ళు. రిమ్ము వేగంగా తిరిగితే డబ్బాలు బయటికి అడ్డంగా లేస్తాయి, నీళ్ళు మాత్రం చుక్క ఒలకవు. అదీ కృత్రిమ గురుత్వాకర్షణ! చేత్తో తిప్పి చూశాడు. రెండు చుట్లు తిరిగి అది టక్కున ఆగింది, డబ్బాలు ఊగి రంగునీళ్ళన్నీ ఆయన పంచె మీద ఒలికాయి. మోటారు కావాలి.

కూలరు మోటారు వైపు చూశాడు. "దాని మీద చెయ్యేసి చూడండి" అంది కృష్ణకుమారి. బయట నిప్పులు చెరిగే ఎండ. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ ఆదివారం సాయంత్రం ముగ్గురూ కిందింట్లో టీకి వెళ్ళారు. అన్నపూర్ణేశ్వరి మిరపకాయ బజ్జీలు వేసింది. కబుర్లు జోరుగా సాగుతున్నాయి. బజ్జీ నములుతూ స్నిగ్ధ అడిగేసింది:

"అంకుల్, ఆప్‌కా మోటర్ దే దీజియే నా! మేరే ప్రాజెక్ట్ కే లియే."

మీ మోటారు నా ప్రాజెక్టుకి ఇవ్వండని! జనార్దనరావుకి బజ్జీ కొరుకుడు పడలేదు. కృష్ణకుమారి గోడ మీది క్యాలెండరులో తిథులు చూడ్డం మొదలుపెట్టింది. రెండేళ్ళుగా రెండు కుటుంబాలూ కలిసి ఎంతో మర్యాదగా లేదనుకుంటూ వచ్చిన మోటారది! దాన్ని ఈ పిల్ల బజ్జీల పళ్ళెం పక్కన తెచ్చి పెట్టింది.

"ఏం మోటారు మ్మా?" అన్నాడు చెన్నకేశవులు.

"వహీ, జో సీఢీ కే నీచే హై. బోరీ కే అందర్." మెట్ల కింద, గోనెసంచిలో అంటూ చిరునామాతో సహా చెప్పింది పిల్ల.

ఆ క్షణాన చెన్నకేశవులు పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. తనదంటే, పై వాళ్ళ ఇంట్లో రెండేళ్ళ కరువు కూడా తనదే అవుతుంది. ఇవ్వనంటే, పిల్ల చదువుకి అడ్డం పడ్డాడన్న మాట ఢిల్లీ తెలుగువాళ్ళంతా చేరే ఆంధ్రా భవన్ క్యాంటీన్ దాకా పాకుతుంది. ఆయన మొహం మీద చెమట తుడుచుకున్నాడు.

"ఓ, అదా!" అన్నాడు. "అది మాది కాదు మ్మా. మాకంటే ముందు ఈ ఇంట్లో ఉండినోళ్ళు ఇడ్సిపెట్టి పోయినారు. మాకెందుకు మోటారు? తీస్కపో, తీస్కపో! పిల్ల సదువు కంటే ఎక్కువా ఏంది?"

"అవునవును" అంది అన్నపూర్ణేశ్వరి. ఎవరూ అడక్కుండానే అందరి పళ్ళేల్లో ఇంకో బజ్జీ వేసింది.

గమనించారా? అడగడానికి జనార్దనరావుకి రెండేళ్ళుగా నోరు రానిదాన్ని ఒక ప్రాజెక్టు ఒక్క మాటలో అడిగించింది. ఇంకా వరం కాదంటారా?

మర్నాడే మునీర్కాలోని ఒక మెకానిక్ ఆ మోటారుకి పంపు ముక్క ఊడదీసి, బెల్టు తగిలించి ఇచ్చాడు. అంతరిక్ష కేంద్రం ముందు గదిలో గిరగిర తిరిగింది. డబ్బాలు అడ్డంగా లేచాయి. నీళ్ళు ఒలకలేదు. జనార్దనరావు చప్పట్లు కొట్టాడు.

అంతకంటే పెద్ద వింత ఆ మర్నాటి ఉదయం జరిగింది. కృష్ణకుమారి అలవాటు కొద్దీ కుళాయి తిప్పింది. ముసలాయన దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. తుప్పు రంగు నీళ్ళు కక్కాడు. ఆ తర్వాత ధార కట్టింది. సన్నటిదే. కానీ తెల్లటి, చల్లటి, ఆగని ధార! ఆవిడ చెయ్యి దాని కింద పెట్టి కదలకుండా నిలబడిపోయింది. కళ్ళలో కూడా నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు ఏ మోటారూ లేకుండానే వచ్చాయి.

తర్వాత తేరుకుని బకెట్లు నింపింది. బిందెలు నింపింది. కుక్కర్లు, ఇడ్లీ గిన్నెలు, స్నిగ్ధ నీళ్ళ సీసాలు, ఆఖరికి జనార్దనరావు గడ్డం గీసుకునే మగ్గు కూడా నింపింది. ఆ రోజు తులసి మొక్కకి మంచినీళ్ళు పోస్తే అది ఎలా తాగాలో తెలియక తికమకపడి ఉంటుంది.

మరి కింద వాళ్ళు దాహంతో అలమటించారా? లేదు! వాళ్ళకీ వచ్చాయి. తాగడానికీ వండడానికీ స్నానాలకీ సరిపడా వచ్చాయి. రోజూ మారుతీ కారు కడగడానికీ, కిటికీ ముందు గడ్డి తడపడానికీ మాత్రం రాలేదు. మోటారన్నది లేకపోతే ఆ పైపులోనే రెండిళ్ళకీ చాలినన్ని నీళ్ళున్నాయి. ఈ సంగతి రెండు కుటుంబాలూ కళ్ళారా చూశాయి. చూసి ఏం చేశాయన్నదే కదా కథ.

చెన్నకేశవులు రోజూ మెట్ల దగ్గర కాపు కాసేవాడు. "స్టేషన్ యాడికొచ్చింది సార్?" అని అడిగేవాడు.

"తిరుగుతోందండీ. కాకపోతే వేగం ఇంకా కుదరలేదు. ఎక్కువ తిప్పితే లోపలివాళ్ళకి కళ్ళు తిరుగుతాయి, తక్కువ తిప్పితే బరువు చాలదు. ఇంకా పరీక్షించాలి" అనేవాడు జనార్దనరావు. ప్రభుత్వ కొలువులో అన్నేళ్ళు ఊరికే గడిపాడా మరి! ఆయన వేగం మీద ఒక పరీక్ష పెట్టాడు, బెల్టు మీద ఒకటి పెట్టాడు, పిల్లల భద్రత మీద ఇంకొకటి పెట్టాడు. ఎగ్జిబిషన్ దాకా ఆ స్టేషన్ తిరుగుతూనే ఉంది. కుళాయిలో ధార వస్తూనే ఉంది. కృష్ణకుమారి కిందికి బిందె పట్టుకెళ్ళలేదు. థాంక్స్ చెప్పలేదు. ఆవిడ మొహం ఎంత తేటపడిందంటే, కూరలబండి భయ్యా కూడా "దీదీ, ఊరెళ్ళొచ్చారా?" అని హిందీలో అడిగాడు.

ఎగ్జిబిషన్ రోజున న్యాయనిర్ణేతలు వచ్చారు. స్నిగ్ధ ప్రతి డబ్బాలోనూ ఒక బుల్లి కాగితపు మనిషిని అంటించింది. అందరి పాదాలూ బయటికి, అందరి తలలూ మధ్యకి. ఒక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని అడిగాడు: ఇందులో పై అంతస్తు ఏది, కింది అంతస్తు ఏది?

స్నిగ్ధ తడుముకోలేదు. "సర్, ఇస్ మే ఊపర్ వాలా కోయీ నహీ హై. సబ్ గ్రౌండ్ ఫ్లోర్ పే హై!"

పైవాడంటూ ఎవడూ లేడు, అందరిదీ కింది అంతస్తే! వెనక నిలబడ్డ జనార్దనరావు పొంగిపోయాడు. పదమూడేళ్ళ పిల్ల నోట ఎంత మాట! అలాంటి చోట తనూ, తన భార్యా, తన కుళాయీ ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడు. మనస్ఫూర్తిగానే అనుకున్నాడు. అక్కడ ఎవరికీ ఎవరి దయా అక్కర్లేదు. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పక్కర్లేదు.

స్నిగ్ధకి మొదటి బహుమతి వచ్చింది.

ఆ సాయంత్రం మోటారునీ, బహుమతి కప్పునీ ఆటోలో వేసుకుని ఇల్లు చేరారు. మెట్ల మొదట్లో లుంగీతో చెన్నకేశవులు నిలబడి ఉన్నాడు.

"ఫస్టు ప్రైజంట కదా! శానా సంతోషం సార్" అన్నాడు. ఆయన చూపు కప్పు మీద లేదు. "ఇంక... ఆ మోటారుతో పనేముండాది మీకు?"

"ఏం లేదండీ" అన్నాడు జనార్దనరావు, మోటారుని రెండు చేతుల్లో పట్టుకుని.

"మరి యాడ పెడతారు?"

జనార్దనరావు ఎదురుచూశాడు. అవతలి మనిషి 'అది నాది సార్, ఇచ్చేయండి' అని ఒక్క మాటంటే చాలు, అక్కడికక్కడే ఇచ్చేసేవాడు. ఈ సంగతి ఆయన తర్వాత భార్యతో ఒట్టేసి చెప్పాడు. ఆ ఒక్క మాటే చెన్నకేశవులు నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. బజ్జీల సాక్షిగా అది తనది కాదన్నాడు కదా!

"ముందు ఉండిన చోటే పెట్టేయండి సార్, మెట్ల కింద" అన్నాడు చివరికి, కాస్త ఆశగా. "ఆ పాతోళ్ళు ఎప్పుడైనా వస్తే తీస్కపోతారు."

జనార్దనరావు మాట మీద నిలబడే మనిషి. పెట్టమన్నచోటే పెట్టాడు. మర్నాడు ప్లంబరు వచ్చి మోటారుకి పంపు ముక్క మళ్ళీ బిగించాడు. అదే మెట్ల కింద, అదే మోటారు, దాని మీద అదే గోనెసంచి. పైపు ఒక్కటే మారింది. ఇప్పుడది గోడ పట్టుకుని మూడో అంతస్తుకి ఎక్కుతోంది.

తెల్లవారుజామున మోటారు గుర్రుమంది. కృష్ణకుమారి కుళాయిలో ధార ఇప్పుడు సన్నగా లేదు, బొటనవేలంత లావుంది. బకెట్లు నిండాయి, పొంగాయి. ఆవిడ బాల్కనీలోని కుండీలన్నీ తడిపింది. జనార్దనరావు తన స్కూటరు కడిగాడు. అది ఏమంత మురికిగా లేదు. అయినా కడిగాడు.

కాస్త పొద్దెక్కాక తలుపు చప్పుడైంది. అన్నపూర్ణేశ్వరి. చేతిలో ఖాళీ బిందె. మూడంతస్తులు ఎక్కిన ఆయాసంతో మాట రాలేదు. అక్కర్లేదు కూడా. బిందె చెబుతోంది.

కృష్ణకుమారి ఆ బిందె చూసింది. ఆవిడకి జాలేసింది. అదే క్షణంలో ఒంట్లో ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. చెయ్యి పట్టుకుని మరీ లోపలికి తీసుకొచ్చింది.

"నీళ్ళు రాకపోతే మొహమాటపడకండి వదినా. ఓ బిందె పట్టుకెళ్ళండి. నీళ్ళదేముంది, మనం మనం!"

బిందె నిండింది. అన్నపూర్ణేశ్వరి దాన్ని చంకన ఎత్తుకుని, గడప దగ్గర ఆగి, నేల చూస్తూ అంది: "థాంక్స్ వదినా."

కాబట్టి పాఠకులారా, మీ పిల్ల ప్రాజెక్టంటూ ఇంటికొస్తే విసుక్కోకండి. దానికి మోటారు కావాలేమో ఒక్కసారి అడగండి. ఆ మోటారు ఎవరిదో వాళ్ళచేతే తమది కాదనిపించండి. ఇంతకు మించిన సైన్స్ ఈ నగరంలో ఎవరికీ అక్కర్లేదు.

స్నిగ్ధకి మాత్రం ఆ సైన్స్ ఇంకా ఒంటబట్టలేదు. ఆ సాయంత్రం తండ్రి వెనకే మెట్లు దిగి, గోనెసంచి వైపు వేలు చూపించి, "పాపా, ఆప్ హీ నే తో సిఖాయా థా! సబ్ గ్రౌండ్ ఫ్లోర్ పే హై?" అని అడిగింది. అందరిదీ కింది అంతస్తేనని నేర్పింది మీరే కదా అని.

"అది అంతరిక్షంలోనమ్మా" అన్నాడు జనార్దనరావు. "ఇది వసంత్ కుంజ్."

అని, వంగి, మోటారు కనబడకుండా సంచీ సరిచేశాడు.